స్కూల్ డేటా ఎక్కడ భద్రం? ఆఫీసు కంప్యూటర్‌లోనా, కంపెనీ యాప్‌లోనా, ఏఐ సెక్యూరిటీ కొంటేనా?

మా స్కూల్ ఆఫీసు రూమ్‌లో ఒక కంప్యూటర్ ఉంది. పాస్‌వర్డ్ స్కూల్ పేరు, పక్కన 123. గోడ మీది క్యాలెండర్ పేజీ ఎత్తితే వెనక పెన్నుతో రాసి ఉంటుంది, క్లర్క్ గారు సెలవు పెట్టిన రోజు మిగతావాళ్లం ఇబ్బంది పడకూడదు కదా. అందులో "ఫీజు లిస్ట్ ఫైనల్ కొత్తది 2" అని ఒక ఎక్సెల్ ఫైలు. నర్సరీ నుంచి టెన్త్ దాకా 600 మంది పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, ఆధార్ నంబర్లు, కులం, అమ్మానాన్నల ఫోన్ నంబర్లు, ఎవరు ఎంత బాకీ ఉన్నారో ఆ లెక్క, అన్నీ అందులోనే.

నేను చెప్పేది మ్యాథ్స్. కానీ ప్రింటర్ ఆగితే పిలిచేది నన్నే కాబట్టి ఎవరూ ఆర్డర్ ఇవ్వకుండానే సిస్టమ్ అడ్మిన్‌ని కూడా అయిపోయాను. పోయిన వేసవి సెలవుల్లో కరస్పాండెంట్ గారు పిలిచి మూడు కొటేషన్లు టేబుల్ మీద పెట్టి "ఏది మేలో చూసి చెప్పండి మాస్టారూ" అన్నారు. ఆఫీసులోనే కొత్త సర్వర్ పెట్టుకోవడం ఒకటి, అంతా ఒక స్కూల్ మేనేజ్‌మెంట్ యాప్ కంపెనీకి అప్పజెప్పడం ఇంకొకటి, మూడోది "ఏఐ ఆధారిత సైబర్ రక్షణ" అంటూ రంగుల బ్రోషర్‌తో వచ్చిన ప్యాకేజీ. దాని రేటు ఏడాదికి ఇద్దరు టీచర్ల జీతమంత.

సొంత సర్వర్ సంగతి ముందు చూద్దాం. సొమ్ము మన బీరువాలో ఉంటేనే మనకు నిద్ర పడుతుంది, అందుకే కమిటీలో పెద్దవాళ్లందరి ఓటూ దీనికే. అయితే దొంగల దాకా ఎందుకు, పోగొట్టుకోవడానికి మనమే చాలు. రెండేళ్ల కింద హాఫ్ ఇయర్లీకి రెండు రోజుల ముందు ఆ కంప్యూటర్ హార్డ్ డిస్క్ చచ్చిపోతే నైన్త్, టెన్త్ ప్రశ్నపత్రాలు రాత్రి పదకొండింటి దాకా కూర్చుని మళ్లీ టైప్ చేశాం. బ్యాకప్ ఉందనుకున్నాం, తీరా చూస్తే అది అదే డిస్క్‌లో డి డ్రైవ్‌లో ఉన్న కాపీ! దానికి తోడు మా సిస్టమ్‌లన్నీ విండోస్ 10. 2025 అక్టోబరు 14తో దానికి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్, అంటే మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు, ఆగిపోయింది, పాత ల్యాబ్ కంప్యూటర్లేమో చాలావరకు విండోస్ 11 ఎక్కించుకోవు.

ఐటీ మనుషులు ఉన్నవాళ్లే తట్టుకోలేకపోయారు. అమెరికాలో రెండో అతిపెద్ద స్కూల్ డిస్ట్రిక్ట్ లాస్ ఏంజెలెస్‌ది. 2022 సెప్టెంబరులో లేబర్ డే సెలవులు చూసుకుని రాన్సమ్‌వేర్ ముఠా (ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే దొంగలు) దాని మీద పడింది. డబ్బు కట్టేది లేదని డిస్ట్రిక్ట్ వాళ్లు తెగేసి చెప్పారు, దొంగలు ఫైళ్లు తెచ్చి ఇంటర్నెట్‌లో పడేశారు. ఇది చదివినప్పుడు నాకు మన దసరా సెలవులే గుర్తొచ్చాయి, ఆఫీసుకు తాళం వేసి వెళ్తాం, సిస్టమ్ మాత్రం పది రోజులూ ఆన్‌లోనే ఉంటుంది.

సరే, యాప్ కంపెనీ. డిస్క్ చచ్చిపోతుందన్న బెంగ లేదు, అప్‌డేట్లు వాళ్లే చూసుకుంటారు, బస్సు ఎక్కడుందో హోంవర్క్ ఏమిటో తల్లిదండ్రుల ఫోన్‌లోనే కనబడుతుంది. చిక్కల్లా ఎక్కడంటే, వేల స్కూళ్ల పిల్లల వివరాలు ఒక్కచోట ఉన్నప్పుడు దొంగకి ఒక్క తాళంచెవి దొరికితే చాలు. ఉత్తర అమెరికాలో బోలెడన్ని స్కూళ్లు వాడే పవర్‌స్కూల్ అనే సాఫ్ట్‌వేర్‌కి 2024 డిసెంబరులో అచ్చంగా ఇదే జరిగింది. ఆ కంపెనీ కస్టమర్ సపోర్ట్ పోర్టల్ లాగిన్ ఒకటి దొంగ చేతికి చిక్కింది, ఆ పోర్టల్‌కి పాస్‌వర్డ్ కొట్టాక ఫోన్‌కి వచ్చే కోడ్ లాంటి రెండో దశ కోడ్ అడిగే ఏర్పాటు లేదు. తాళం వేసి గొళ్లెం మరిచారన్నమాట. 6 కోట్ల మందికి పైగా విద్యార్థుల రికార్డులు పట్టుకున్నానని దొంగ చెప్పుకున్నాడు. కంపెనీ డబ్బు కట్టింది, డేటా చెరిపేసినట్టు దొంగ వైపు నుంచి వీడియో కూడా చూపించారట, అయినా 2025 మేలో అదే డేటా చూపించి కొన్ని స్కూల్ బోర్డులకు మళ్లీ బెదిరింపులు వచ్చాయి. చేసింది ఏ అంతర్జాతీయ ముఠానో అనుకుంటే చివరికి దొరికింది 19 ఏళ్ల కాలేజీ కుర్రాడు. 4 ఏళ్ల జైలు పడింది.

మన దగ్గర మాత్రం? 2023 మొదట్లో దీక్షా యాప్ (కేంద్ర ప్రభుత్వం స్కూళ్లకిచ్చిన చదువుల యాప్) విషయం బయటపడింది చూడండి, క్లౌడ్ సర్వర్‌కి తాళం వేయకుండా వదిలేశారు, 10 లక్షల మందికి పైగా టీచర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు ఎవరైనా చూసేలా ఉండిపోయాయి. అందులో హ్యాకింగ్ లేదు, ఏఐ లేదు, ఒట్టి మతిమరుపు.

పైగా డేటా కంపెనీ దగ్గర ఉంది కదా, తప్పు జరిగితే వాళ్లే చూసుకుంటారని అనుకుంటే కుదరదు. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ప్రకారం, మన తరఫున పని చేసే కంపెనీ తప్పు చేసినా జవాబు చెప్పాల్సింది డేటా తీసుకున్నవాళ్లే, అంటే స్కూలే. 18 ఏళ్లలోపు వాళ్లంతా ఈ చట్టం లెక్కలో పిల్లలే, వాళ్ల డేటా వాడాలంటే మామూలుగా తల్లిదండ్రుల అనుమతి కావాలి. భద్రత చూడకపోతే జరిమానా 250 కోట్ల దాకా వెళ్లొచ్చు. రూల్స్ 2025 నవంబరులో నోటిఫై చేశారు, ముఖ్యమైనవి అమల్లోకి రావడానికి ఏడాదిన్నర గడువిచ్చారు. ఆ 250 కోట్ల అంకె చెప్పాక కరస్పాండెంట్ గారు కాఫీ కప్పు కింద పెట్టేశారు.

ఇక ఏఐ ప్యాకేజీ. నిజం చెప్పాలంటే దీని మీదే నాకు మొదట ఆశ. ఎందుకంటే అవతలివాడి చేతిలోనూ ఇప్పుడు ఏఐ ఉంది. ఇదివరకు మోసం మెయిల్ తెలుగులో వస్తే మొదటి లైన్‌లోనే దొరికిపోయేది, "ప్రియమైన వినియోగదారుడా, మీ ఖాతా నిలిపివేయబడుట జరిగినది" అనే టైపు. ఇప్పుడలా కాదు. "నమస్తే సార్, డీఈఓ ఆఫీసు నుంచి, యూడైస్‌లో మీ స్కూల్ పెండింగ్ చూపిస్తోంది, సాయంత్రం 5 లోపు ఈ లింక్‌లో అప్‌డేట్ చేయండి, లేదంటే మీటింగ్‌లో మీ పేరు చదువుతారు" అని వస్తే ఏ హెచ్‌ఎం నొక్కకుండా ఉంటారు చెప్పండి? (యూడైస్ అంటే స్కూళ్ల వివరాలు నింపే ప్రభుత్వ పోర్టల్.) ఇలాంటిది రాయడానికి ఏఐకి అర నిమిషం చాలు. గొంతు కూడా అంతే. ఆనివర్సరీలో కరస్పాండెంట్ గారి ప్రసంగం పదిహేను నిమిషాలు యూట్యూబ్‌లో ఉంది, ఆయన గొంతును నకలు చేయడానికి అంత అక్కర్లేదు కూడా.

అయితే ఆ సేల్స్ కుర్రాణ్ణి నేను రెండే అడిగాను. హెచ్‌ఎం మేడమ్ సొంత ఫోన్‌లో వాట్సాప్‌కి వచ్చిన మెసేజ్ మీ ప్యాకేజీలో వచ్చే బాక్స్ చూస్తుందా అంటే చూడదన్నాడు. స్కూల్ వ్యవహారం ముప్పాతిక వంతు వాట్సాప్‌లోనే నడుస్తుంది, అడ్మిషన్ టైమ్‌లో ఆధార్ ఫొటోలు వచ్చేదీ అక్కడికే. రాత్రి పదకొండింటికి మీ బాక్స్ అలర్ట్ కొడితే చూసేదెవరు అంటే, "మీ ఐటీ టీమ్ సార్" అన్నాడు. ఆ టీమ్‌ని నేనే, ఆ టైమ్‌కి నిద్రపోతుంటాను. మెయిల్ జల్లెడ పట్టడం వరకు మంచి వస్తువే, కాదనను, కానీ స్కూళ్లకు గూగుల్ ఉచితంగా ఇచ్చే వర్క్‌స్పేస్‌లో అలాంటి జల్లెడ ఎలాగూ ఉంది.

బాక్స్ చూడలేనిది ఇంకొకటి ఉంది, అది మా స్టాఫ్ రూమ్‌లోనే జరిగింది. ప్రోగ్రెస్ కార్డుల్లో రిమార్కులు రాయడం విసుగై ఒక టీచర్ పిల్లల పేర్లు, మార్కులు, "తండ్రి తాగి గొడవ చేస్తాడు, ఇంట్లో చదువు సాగడం లేదు" అన్న నోటుతో సహా మొత్తం తీసుకెళ్లి ఏఐ చాట్‌బాట్‌లో అతికించారు. తిట్టలేకపోయాను, 45 మందికి తలా రెండు వాక్యాలు రాయడమంటే ఏమిటో నాకూ తెలుసు. పేర్లు తీసేసి రోల్ నంబర్లు పెట్టుకోండి, ఇంటి సంగతులు మాత్రం వద్దు అని చెప్పాను, అంతే.

చివరికి నా ఓటు యాప్‌కే వేశాను, అయితే కంపెనీ వాళ్లు ఇచ్చిన ఫారం మీద కాదు. వాళ్ల సపోర్ట్ స్టాఫ్ సహా అందరి లాగిన్‌కీ రెండో దశ కోడ్ ఉండాలి, స్కూల్ వదిలిన పిల్లల డేటా ఎప్పుడు చెరిపేస్తారో కాగితం మీద ఉండాలి, నెలకోసారి మా డేటా మొత్తం మాకు దించి ఇవ్వాలి. మొదటిదానికి గొణిగారు, రెండోదానికి మా లీగల్ వాళ్లని అడగాలన్నారు, మూడు వారాలు పట్టింది. నెలనెలా దించిన కాపీ ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో పెట్టి, వైరు పీకేసి, బీరువాలో పెడుతున్నాం. పెద్దవాళ్ల మాటా నెగ్గినట్టే. ఆ ఎక్సెల్‌లో కులం, ఆధార్ ఉన్న కాలమ్‌లు తీసేశాం, అవసరమైనప్పుడు రిజిస్టర్ తెరిచి చూసుకోవచ్చు. అసలు లేనిదాన్ని ఎవడు ఎత్తుకుపోతాడు? ఏఐ ప్యాకేజీకి నో చెప్పి, ఆ డబ్బులో కొంత పెట్టి ఆఫీసుకు రెండు కొత్త కంప్యూటర్లు కొన్నాం.

ఫొటోల దగ్గర మాత్రం గొడవైంది. స్కూల్ ఫేస్‌బుక్ పేజీలో ఆడపిల్లల డాన్స్ ఫొటోలు పేరు, క్లాసుతో సహా పెట్టడం మాకు అలవాటు, అడ్మిషన్లు వస్తాయని. 2023లో స్పెయిన్‌లో అల్మెంద్రలేహో అనే ఊళ్లో తోటి మగపిల్లలే అమ్మాయిల సోషల్ మీడియా ఫొటోలు తీసుకుని ఏఐ యాప్‌తో నగ్న చిత్రాలుగా మార్చి పంచుకున్నారని చెప్పాను. "మన ఊళ్లో అలాంటివి జరగవు మాస్టారూ" అన్నారొకరు. ఆ ఊళ్లోనూ అంతకుముందు అలాగే అనుకుని ఉంటారు. దగ్గరి నుంచి తీసినవి తీసేయించాను, గుంపు ఫొటోలు ఉన్నాయి, పేర్లు లేవు. నాకింకా పూర్తిగా నచ్చలేదు.

డబ్బు విషయానికి ఒక్కటే రూల్ పెట్టుకున్నాం. ఎవరి గొంతుతో ఫోన్ వచ్చినా, ఎంత అర్జెంటైనా, కట్ చేసి ఫోన్‌లో సేవ్ అయి ఉన్న నంబర్‌కి తిరిగి చేశాకే పైసా కదలాలి. పొరపాటున వెళ్లిపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టాలి, ఆ నంబర్ ఆఫీసు గోడకు అంటించాం, పాస్‌వర్డ్ ఉన్న పాత క్యాలెండర్ తీసేసిన చోట. పోయిన నెల కరస్పాండెంట్ గారు గుంటూరులో పెళ్లికి వెళ్లి, తన ఫోన్ ఛార్జింగ్ అయిపోయి, బావమరిది ఫోన్ నుంచి అకౌంటెంట్ గారికి చేసి టెంట్‌హౌస్ అతనికి 40 వేలు వెయ్యమన్నారు. ఆవిడ "తిరిగి చేస్తాను సార్" అని కట్ చేసి ఆయన నంబర్‌కి చేశారు, స్విచాఫ్. డబ్బు పంపలేదు. ఆయన సాయంత్రం దాకా బావమరిది ఫోన్ నుంచి ఏడుసార్లు చేశారు, ఆవిడ ఏడుసార్లూ కట్ చేశారు. సోమవారం వచ్చి రూల్ పెట్టిన నన్ను కాసేపు తిట్టారు, రూల్ మాత్రం తీసేయమనలేదు.