కొత్తగా జిమ్‌లో చేరినవారి అంచనాకు ఏది మేలు: మెషీన్ కాగితమా, టేపూ మెట్టుబల్లా?

హనుమకొండలోని కొన్ని జిమ్‌లలో, చేరిన రోజే చెప్పులు విప్పించి బాడీ అనాలిసిస్ మెషీన్ ఎక్కిస్తున్నారు. నిమిషం తిరిగేసరికి కొవ్వు శాతం, కండ బరువు ముద్రించిన రంగుల కాగితం చేతికి వస్తుంది. నేను శిక్షణ ఇచ్చే చోట ఆ మెషీనూ ఉంది, పాత పద్ధతి సరంజామా కూడా ఉంది: ప్రశ్నల పత్రం, బీపీ మిషన్, టైలర్ టేపు, 12 అంగుళాల మెట్టుబల్ల. మొదటి రోజుకు నేను ఈ రెండోదానికే ఓటు వేస్తాను.

మెషీన్ కొవ్వును నేరుగా కొలవదు. ఒంట్లోకి అతి స్వల్పంగా కరెంటు పంపి, నీరున్న కండ దాన్ని సులువుగా, కొవ్వు కష్టంగా పోనిస్తాయన్న ఆధారంతో, ఎత్తు, వయసు కలిపి లెక్క కడుతుంది. అందువల్ల మే నెల ఎండలో బండి మీద చెమటలు కక్కుతూ వచ్చి ఎక్కినవారికీ, పొద్దున్నే పరగడుపున ఎక్కినవారికీ అంకెలు వేరుగా వస్తాయి. పేస్‌మేకర్ ఉన్నవారిని అసలే ఎక్కించకూడదు. ఈ సంగతి తెలియాలన్నా ముందు అడగవలసిందే కదా.

అడగడంలోనూ ఒక పద్ధతి ఉంది. పార్‌-క్యూ అనే పత్రంలోని 7 ప్రశ్నలు ఛాతీనొప్పి, కళ్లు తిరగడం, కీళ్ల బాధ, వాడే మందులు వంటివాటి గురించి ఉంటాయి; వాటికి టిక్కులు పెట్టించుకుని ఊరుకుంటే సగమే తెలుస్తుంది. కాజీపేట నుంచి వచ్చిన 47 ఏళ్ల ఆయన బీపీ గడిలో "లేదు" అని రాశారు. "అన్నా, గోలీలు ఏమన్న వాడుతున్నరా?" అని అడిగితే, "పొద్దుగాల ఒక్కటి ఏసుకుంట తమ్మీ, అది ఏసుకున్నంక బీపీ ఎక్కడిది?" అన్నారు. ఆయన దృష్టిలో అది అబద్ధం కాదు. మర్నాడు తెచ్చిన చీటీ చూస్తే, అది గుండె వేగాన్ని తగ్గించే రకం మందు.

ఆ ఒక్క జవాబు మెట్టుబల్ల పరీక్షకు కూడా అవసరమే. నిమిషానికి 24 సార్లు చొప్పున 3 నిమిషాలు ఎక్కి దిగాక, వెంటనే కూర్చోబెట్టి ఒక నిమిషం పాటు నాడి లెక్కిస్తాము. నాడి ఎంత తక్కువగా ఉంటే దమ్ము అంత బాగున్నట్టు. అయితే ఆ మందు వాడేవారి నాడి ఎలాగూ తక్కువే ఉంటుంది కనుక, సంగతి తెలియని ట్రైనర్ ఆయనను మంచి ఫిట్‌నెస్ ఉన్న మనిషిగా రాసుకుని, రెండో రోజే ట్రెడ్‌మిల్ వేగం పెంచేసేవాడు. అటువంటివారికి నాడి కన్నా మాట నయం: మాట్లాడుతూ నడవగలిగితే చాలు, మాట తెగితే వేగం తగ్గించాలి.

టేపు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. నడుము మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే షుగర్, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుందని మనదేశంలో వాడే లెక్క. దానికి కరెంటు అక్కరలేదు.

12 నిమిషాల్లో ఎంత దూరం పరుగెత్తగలరో చూసే పరీక్ష సంగతి వేరు. పోలీసు కొలువుల కోసం 1600 మీటర్లు, అమ్మాయిలైతే 800 మీటర్లు సాధన చేసే పిల్లలకు జేఎన్‌ఎస్ స్టేడియంలో అది పెట్టడం సబబే. ఏళ్ల తరబడి కుర్చీలో కూర్చున్నవారికి మొదటి రోజు అది పెట్టడం తెలిసి ప్రమాదం కొనితెచ్చుకోవడం. ఒక్కసారికి ఎత్తగల గరిష్ఠ బరువు ఎంతో మొదటి రోజే ఎత్తించి తేల్చడం కూడా అంతే. 40 కిలోలు 10 సార్లు ఎత్తగలిగితే ఒక్కసారికి సుమారు 53 కిలోలని సూత్రమే చెబుతుంది.

కాజీపేట అన్నను డాక్టరు సరే అన్న తరువాతే చేర్చుకుని, మొదటి నెల భద్రకాళి చెరువు బండ్ మీద నడిపించాను. మెషీన్ ఎక్కించింది ఆ నెల చివర, పొద్దున 6 గంటలకు, పరగడుపున. మూడు నెలల తరువాతి తూకం కూడా అదే వేళకు పెట్టుకున్నాము.