మాధవరం పెద్దలు చెప్పిన బతుకులు, గూడెం లాడ్జిలో జరిగిన అవమానం

ముందుగా లాడ్జి సంగతి చెప్పాలి. అది చెప్పకుండా మాధవరం గురించి రాస్తే నాకు నిద్ర పట్టదు.

పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. చుట్టుపక్కల అందరూ మిలిటరీ మాధవరం అంటారు. తరతరాలుగా ఇంటికొకరు చొప్పున సైన్యానికి పంపుతున్న ఊరు. మా మామగారు సైన్యంలో వాహనాలు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో హవల్దారుగా పనిచేసి రిటైరయ్యారు. ఆ ఊరి నుంచి వచ్చిన ఇద్దరు ముగ్గురితో ఆయన సర్వీసులో కలిసి ఉన్నారట. ఎప్పటినుంచో వెళ్లాలని అనుకుంటూ ఉంటే, ఈసారి మాఘమాసంలో నేను, నా భార్య, ఇంటర్ చదివే మా అబ్బాయి కలిసి ఆయన్ని బయలుదేరదీశాం. సికింద్రాబాద్‌లో గౌతమి ఎక్కితే గూడెంలో దిగడం దాకా చెప్పుకోవలసింది ఏమీ లేదు.

స్టేషన్‌కు దగ్గర్లో ఒక లాడ్జిలో ఫోన్ మీద రెండు ఏసీ గదులు మాట్లాడుకున్నాం, ఒక్కోటి 1,400 రూపాయలకు. దిగాక కౌంటర్‌లో కూర్చున్న మేనేజరు 1,900 అన్నాడు. పెళ్లి ముహూర్తాలు ఉన్నాయి, ఇష్టమైతే తీసుకోండి, లేకపోతే లేదు అన్నాడు. రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చిన పెద్దాయనను పక్కన పెట్టుకుని ఊరంతా గదుల కోసం తిరగలేం. ఆ సంగతి ఆ మేనేజరుకు మాకంటే బాగా తెలుసు.

డబ్బు ఎక్కువ తీసుకోవడం వరకైతే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. అతని వెనుక గోడకు ఒక బోర్డు ఉంది. ‘మాజీ సైనికులకు గది అద్దెలో 10 శాతం రాయితీ’ అని ఎర్రటి అక్షరాలు. మామగారు అది చదివి, జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి తన గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టారు. మేనేజరు దాన్ని తిప్పి కూడా చూడలేదు. ‘ఆ బోర్డు పాత ఓనరు పెట్టింది. తీయించడానికి మాకు తీరిక దొరకలేదు. ఇట్లాంటి కార్డులు రోజుకు నాలుగు వస్తాయి’ అన్నాడు. మామగారి వయసు 74. ఒక్క మాట మాట్లాడకుండా కార్డు తీసుకుని మళ్లీ కవర్లో పెట్టుకున్నారు. నా భార్య ఊరుకోలేదు, కౌంటర్ దగ్గర గట్టిగానే అడిగింది. కానీ ఆయనే ‘వద్దమ్మా, పద’ అని మెట్లెక్కేశారు. ఆ రోజు ఆయన భోజనం చేయలేదు. అరగట్లేదు అన్నారు.

మిగతావన్నీ దీని ముందు చిన్నవే. ఏసీ గాలి వచ్చేది కానీ చల్లదనం వచ్చేది కాదు. వేడినీళ్లు ఉదయం ఆరు నుంచి ఏడు దాకానే. ఖాళీ చేసేటప్పుడు 500 డిపాజిట్‌లో టవల్ మీద మరక ఉందని 200 కోసుకున్నారు. బిల్లు అడిగితే జీఎస్టీ నంబరు లేని చిన్న చీటీ చేతిలో పెట్టారు. గూడెంలో దిగేవాళ్లు అద్దె ఎంతో వాట్సాప్‌లో రాయించుకుని, ఆ సందేశం ఫోన్లో ఉంచుకోండి. నోటిమాటను నమ్మకండి.

మర్నాడు పొద్దున్నే ఆటో మాట్లాడుకున్నాం. రానూపోనూ, అక్కడ ఆగడంతో కలిపి 700. ఆటో అతను దారి పొడవునా మాట్లాడుతూనే ఉన్నాడు. మామగారు మాత్రం కొబ్బరి తోటల వైపు చూస్తూ కూర్చున్నారు. మాఘంలో గోదావరి కాలువల పక్కన ప్రయాణం ఎంత హాయిగా ఉంటుందో ఆయనకు ఆ పూట పట్టలేదు.

ఊళ్లో ఢిల్లీలోని అమర్ జవాన్ జ్యోతి తరహాలో కట్టుకున్న స్మారకం ఉంది. ఫోటో కోసం వచ్చేవాళ్లకు అయిదు నిమిషాలు చాలు. మేము వెళ్లేసరికి కారులో వచ్చిన ఒక కుటుంబం సరిగ్గా అదే చేసి వెళ్లిపోయింది. వాళ్లను చూస్తే జాలేసింది. ఎందుకంటే ఆ ఊరికి అసలు స్మారకం అక్కడికి దగ్గర్లోనే అరుగు మీద కూర్చుని పేపరు చదువుకుంటోంది. నలుగురైదుగురు విశ్రాంత సైనికులు. అందరూ తెల్లటి పంచెలు, బిగుతుగా కత్తిరించిన జుట్టుతో ఉన్నారు. మామగారు దగ్గరికి వెళ్లి తన యూనిటు, చేరిన సంవత్సరం చెప్పారు. ‘రండి హవల్దార్ సాబ్’ అని ఒకాయన లేచి చోటిచ్చారు. ఆ ఒక్క పిలుపుతో మామగారి వెన్ను నిటారైంది. రాత్రి నుంచి మాకు కనిపించని మనిషి మళ్లీ కనిపించాడు.

ఈ ఊరి నుంచి మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండో దానికి 1,110 మంది వెళ్లారని వాళ్లు చెబుతారు. ఆ లెక్క పత్రికల్లో కూడా చాలాసార్లు వచ్చింది. గజపతుల కాలంలో దగ్గర్లోని ఆరుగొలనులో కోట ఉండేదని, దాని రక్షణకు వచ్చిన సైనికుల సంతానమే తామని కూడా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ కోట కథ కంటే, వాళ్లు తమ తాతల గురించి చెప్పిన మామూలు విషయాలు పదిరెట్లు విలువైనవిగా అనిపించాయి.

ఒకాయన తాత మొదటి యుద్ధంలో ఇప్పటి ఇరాక్‌లోని బస్రా వెళ్లారు. మెసొపొటేమియాలో, అంటే ఆ ఇరాక్ ప్రాంతంలో, జరిగిన యుద్ధానికి భారత సైన్యం నుంచి లక్షల మందిని ఓడల్లో తరలించారు. వాళ్లు దిగిన రేవు బస్రా. ఈయన తాత చేతికి ఇచ్చింది కంచర గాడిదల పగ్గాలట. తిరిగొచ్చి ఇంకో నలభై ఏళ్లు బతికారు. ఖర్జూరాలు మాత్రం ఇంటి గడప దాటి రానిచ్చేవారు కాదు. అక్కడ నెలల తరబడి అవే తిన్నారట. యుద్ధం గురించి మనవలకు ఆయన చెప్పిన సంగతి అదొక్కటే.

మా అబ్బాయి అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్నాడు. ఉన్నట్టుండి, ‘అది ఇంగ్లీషువాళ్ల యుద్ధం కదా, తాతగారు ఎందుకు వెళ్లారు?’ అని అడిగాడు. నా భార్య కంగారుపడింది. ఆ పెద్దాయన ఏమీ అనుకోలేదు. ‘జీతం కోసం బాబూ. సిపాయికి నెలకు పదకొండు రూపాయలు. పొలం లేనివాడికి ఇక్కడ ఎవరిస్తారు అంత?’ అన్నారు. అప్పట్లో సిపాయి జీతం నిజంగానే నెలకు 11 రూపాయలు. ఈ జవాబు నాకు ఎంతో నచ్చింది. వీరత్వం అనే పెద్ద మాట వెనుక కౌలు బాకీ, చెల్లెలి పెళ్లి, పూరింటి మీద పెంకులు ఉంటాయి. వాటిని దాచిపెట్టి ఆ మనుషులను గౌరవించలేం.

ఇంకొకరి పెద్దనాన్న రెండో యుద్ధంలో బర్మా వెళ్లారు. గోదావరి జిల్లాల వాళ్లకు రంగం, అంటే బర్మాలోని రంగూన్, కొత్త ఊరు కాదు, కూలికీ వ్యాపారానికీ ఓడెక్కి వెళ్లినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉండేవారు. 1942 మార్చిలో జపాన్ సైన్యం రంగాన్ని పట్టుకుంది. ఆ పెద్దనాన్న ఆచూకీ తెలియడం లేదని ఇంటికి తంతి వచ్చింది. పోయాడని రాలేదు కనుక ఆయన భార్య బొట్టు తీయనన్నది. ఏళ్లు గడిచినా తీయలేదు. తర్వాత పెన్షను మంజూరైతే, ఆ డబ్బులో వాటా కావాలని మరుదులు తగాదా పెట్టారు. ఊళ్లోని పాత సుబేదార్లు కూర్చుని, పైసాతో సహా ఆమెకే చెందాలని తీర్పు చెప్పారు. ఆ డబ్బుతో ఆమె చెల్లెలి కొడుకును చదివించింది. ఆ చదువుకున్న కుర్రాడే మాకు ఈ కథ చెబుతున్నాడు, ఇప్పుడు తల పండిపోయి.

ఈ ఇద్దరి గురించీ వింటున్నంతసేపూ నాకు దారిలో చూసిన ఒక రాయి గుర్తొస్తూనే ఉంది. మామగారి అమ్మమ్మగారి ఊరు మా దారికి కొంచెం పక్కన ఉంటే అక్కడ ఒకసారి ఆగాం. ఆ ఊరి పాత బడి గోడలో ఒక పాలరాతి పలక ఉంది. 1914-1919 మహాయుద్ధానికి ఈ గ్రామం నుంచి ఎంతమంది వెళ్లారో ఒక అంకె, ఎంతమంది ప్రాణాలిచ్చారో ఇంకో అంకె. అంతే. ఒక్క పేరు లేదు. ఇలాంటి పలకలు బ్రిటిష్ ప్రభుత్వం ఎన్నో ఊళ్లలో పెట్టించింది. బడి సున్నం వేసినవాళ్లు పలక సగం మీద కూడా వేసేశారు. అక్కడున్నవాళ్లను ఆ మనుషులెవరని అడిగితే ఎవరికీ తెలియదు.

పల్లెటూరి రాతి మీద చోటు లేదనుకోవచ్చు. కానీ బస్రాలో కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ కట్టిన పెద్ద స్మారకం మీద కూడా ఇదే పని చేశారు. బ్రిటిష్ సైనికులకు, భారతీయ అధికారులకు పేర్లు చెక్కారు. మామూలు భారతీయ సిపాయిలకు మాత్రం దళం పేరు కింద అంకె వేశారు. నూరేళ్లు గడిచాక, 2021లో ఆ సంస్థ తన నివేదికలో ఈ వివక్షను ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. రెండో యుద్ధం నాటికి కొంత నయం, రంగం దగ్గర టౌక్యాన్‌లో ఉన్న స్మారకం మీద సమాధి దొరకని దాదాపు 27,000 మంది పేర్లు ఉన్నాయి. ఢిల్లీలో 2019లో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకంలో ఒక్కో జవానుకు ఒక్కో పలక ఉంది, కానీ అది స్వాతంత్ర్యం తర్వాత ప్రాణాలిచ్చినవాళ్లది. బస్రా రాతి మీద సిపాయిలు అంకెలుగా మిగిలిపోయారు, అక్కడికి వెళ్లొచ్చిన మనిషికి మాధవరం అరుగు మీద పేరుంది, ఇంటిపేరుంది, ఖర్జూరాల మీద కోపం కూడా ఉంది. ఈ ఊరు ఎందుకు చూడాలని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే.

మధ్యాహ్నం బయలుదేరబోతుంటే, చోటిచ్చిన ఆ పెద్దాయనే భోజనానికి రమ్మన్నారు. మొహమాటపడ్డాం. ‘సైనికుడి ఇంటికి సైనికుడు వచ్చి తినకుండా వెళ్తాడా?’ అన్నారు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, ముద్దపప్పు, మాగాయ, గడ్డ పెరుగు. హైదరాబాద్‌లో పనసపొట్టు అని వడ్డించేది తిని ఇదే కదా అనుకునేవాళ్లు ఒక్కసారి గోదావరి జిల్లాలో ఒక ఇంట్లో తినాలి. ఆవ ఘాటు ముక్కుకు తగలాలి కానీ నాలుక మీద చేదు మిగలకూడదు. ఆ ఇంటి అమ్మగారి చేతిలో అది అమరింది. రాత్రి అన్నం ముట్టని మామగారు మూడోసారి పెరుగన్నం వడ్డించుకున్నారు. శ్రీలంక వెళ్లిన భారత శాంతి దళంలో పనిచేసిన ఈ పెద్దాయన, తిన్నాక తన స్నేహితుడి గురించి చెప్పారు. ఇద్దరూ ఒకే బడి, ఒకే భర్తీ. అతను జాఫ్నా దగ్గర పోయాడు. చెల్లెలి పెళ్లికి గడియారం కొనమని అంతకుముందే ఈయనకు డబ్బు ఇచ్చి ఉంచాడట. ఈయన సెలవు మీద వచ్చేటప్పుడు మద్రాసులో ఆగి కొని, వాళ్లింట్లో ఇచ్చి వచ్చారు. ఏ కంపెనీ గడియారమో కూడా చెప్పారు. ఇంకా ఏదో అడగబోయిన నా భార్య ఊరుకుంది.

డబ్బు ఇవ్వబోతే కోప్పడ్డారు. అలాంటి చోట డబ్బు తీయకండి. పళ్లో, స్వీట్లో ముందే పట్టుకుని వెళ్లండి.

తర్వాత రత్నాచల్‌లో విశాఖ వెళ్లాం. 2,200 రూపాయల గది, ఫోన్లో ఎంత చెప్పారో అంతే తీసుకున్నారు, శుభ్రంగా ఉంది. బీచ్ రోడ్డులో 1971 యుద్ధ విజయానికి గుర్తుగా కట్టిన ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం చక్కగా ఉంచుతున్నారు. కానీ సాయంత్రం జనం దాని చుట్టూ ఐస్‌క్రీములు తింటూ వీపులు ఆనించి కూర్చుంటారు, అక్కడ మనసు నిలవదు. దానికంటే కురుసుర జలాంతర్గామి మేలు. 2002 నుంచి మ్యూజియంగా ఉంది. విశ్రాంత నావికులే లోపల తిప్పి చూపిస్తారు. మాకు చూపించినాయన ఒక్కో పడక దగ్గర ఆగి ఎంతమంది వంతులవారీగా పడుకునేవారో, స్నానానికి నీళ్లు ఎలా పొదుపు చేసేవారో చెప్పారు. టికెట్ తీసుకుని పది నిమిషాల్లో బయటికి రాకుండా, ఆయనను ప్రశ్నలు అడగండి. అడిగినకొద్దీ చెబుతారు.

వెళ్లాలనుకునేవాళ్లకు నా సలహా. మాధవరానికి ఉదయం ఎనిమిదికి ముందే చేరండి. పెద్దలు అరుగు మీద ఉండే వేళ అది, ఎండెక్కితే ఇళ్లకు వెళ్లిపోతారు. స్మారకం దగ్గర చెప్పులు విప్పండి, కెమెరా తర్వాత తీయండి. వాళ్లు చెప్పేది రాసుకోవడానికి ముందు అనుమతి అడగండి, ఎవరూ కాదనరు. పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి, వాళ్లు ఏమి అడిగినా ఆపకండి. రాత్రి బసకు గూడెం వద్దు, రాజమహేంద్రవరంలో దిగి పొద్దున్నే రండి. గంట ఎక్కువ పడుతుంది, పడనివ్వండి. తప్పక గూడెంలోనే దిగవలసి వస్తే, కౌంటర్ వెనుక ఎర్ర అక్షరాల బోర్డు కనిపించిన చోట కార్డు ముందే బల్ల మీద పెట్టండి. రాయితీ ఇవ్వనంటే సామాను లోపల పెట్టకముందే బయటికి వచ్చేయండి.