సొంత డిష్షా, అద్దె యాంటెన్నానా: అనంతపురం నుంచి ఉపగ్రహాన్ని నడపాలంటే ఏది మేలు?

అనంతపురంలోని ఒక ఇంజినీరింగ్ కళాశాల చిన్న ఉపగ్రహాన్ని కక్ష్యలోకి పంపి, దాని సమాచారాన్ని తానే అందుకోదలిస్తే మూడు దారులున్నాయి. డిష్షు, సిగ్నల్‌ను సమాచారంగా విప్పే మోడెమ్, సర్వర్లు అన్నీ ఆవరణలోనే నెలకొల్పుకోవడం మొదటిది. డిష్షు మాత్రం ఉంచుకొని, అందిన సిగ్నల్‌ను అంకెలుగా మార్చి, మోడెమ్ పనిని క్లౌడ్‌లోని సాఫ్ట్‌వేర్‌కు అప్పగించడం రెండోది. డిష్షే లేకుండా నిమిషాల లెక్కన యాంటెన్నాను అద్దెకు తీసుకోవడం మూడోది. అమెజాన్ ఇటువంటి సేవను 2019 నుంచి అందిస్తోంది.

అద్దె పద్ధతికి అసలు బలం భూగోళమే ఇస్తుంది. 500 కిలోమీటర్ల ఎత్తున ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహం రోజుకు పదిహేను ప్రదక్షిణలు చేసినా, 14.7 డిగ్రీల అక్షాంశం మీద ఉన్న అనంతపురానికి మూడు నాలుగు సార్లే కనిపిస్తుంది, పనికొచ్చే సమయం ఒక్కోసారి పది నిమిషాలు దాటడం అరుదు. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ 78 డిగ్రీల ఉత్తరాన ఉండడం వల్ల అక్కడి డిష్షులకు అదే ఉపగ్రహం దాదాపు ప్రతి ప్రదక్షిణలోనూ దొరుకుతుంది. కర్నూలు, కడపల్లో మరో రెండు డిష్షులు పెడితే లోటు తీరుతుందని కొందరు అంటారు గానీ, ఆ ఊళ్లన్నీ ఇంచుమించు ఒకే ఆకాశం కింద ఉన్నాయి కనుక కొత్త పాస్ (ఉపగ్రహం ఆకాశంలో ఒకసారి కనిపించి దాటిపోవడం) ఒక్కటీ రాదు. వానకు, కరెంటు కోతకు ప్రత్యామ్నాయంగా అవి అక్కరకు రావచ్చు. అయితే వానే అరుదైన ఈ సీమలో, వాన దెబ్బ పెద్దగా తగలని ఎక్స్-బ్యాండ్ (చిత్రాలు దించడానికి వాడే రేడియో తరంగాల శ్రేణి) కోసం అంత ఖర్చు దండగ.

రెండో దారిలోని చిక్కు అంకెలు చూస్తే గాని తెలియదు. వంద మెగాహెర్ట్జ్ వెడల్పున్న సిగ్నల్‌ను సెకనుకు 12.5 కోట్ల నమూనాల (క్షణక్షణం తీసిన సిగ్నల్ కొలతల) చొప్పున, ఒక్కో నమూనాకు 16 బిట్లతో అంకెలుగా మారిస్తే సెకనుకు రెండు గిగాబిట్లు, ఎనిమిది నిమిషాల పాస్‌కు 120 గిగాబైట్లు అవుతాయి. అదే సిగ్నల్‌లో ఉపగ్రహం పంపిన అసలు సమాచారం సెకనుకు 150 మెగాబిట్లే అయితే, డిష్షు పక్కనే మోడెమ్ పెట్టి విప్పినప్పుడు పంపాల్సింది తొమ్మిది గిగాబైట్లే. కాబట్టి ఎక్స్-బ్యాండ్ చిత్రాల విషయంలో మోడెమ్ డిష్షు దగ్గరే ఉండాలి, క్లౌడ్‌కు విప్పిన సమాచారమే వెళ్లాలి. ఇంతకంటే తక్కువ పౌనఃపున్యపు రేడియో శ్రేణి అయిన యూహెచ్ఎఫ్‌లో వచ్చే సెకనుకు 9,600 బిట్ల సిగ్నల్‌కు ఈ బెడద లేదు. నమూనాలన్నీ కలిపినా సెకనుకు దాదాపు ఒకటిన్నర మెగాబిట్లే గనుక కళాశాల బ్రాడ్‌బ్యాండ్ మీదనే క్లౌడ్ మోడెమ్‌కు చేరతాయి.

ఇక డిష్షు నుంచి క్లౌడ్‌కు సమాచారం వెళ్లే దారిని సాఫ్ట్‌వేర్‌తో నడిపే సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ నెట్‌వర్కింగ్ సంగతి. సాధారణ నెట్‌వర్కులో ప్రతి రౌటర్ తన దారిని తానే తేల్చుకుంటుంది. ఇక్కడ ఆ నిర్ణయం ఒకే కంట్రోలర్ చేతిలో ఉంటుంది. ఉపగ్రహం ఎప్పుడు వస్తుందో ముందు రోజే లెక్కగట్టవచ్చు కనుక, పాస్‌కు కాసేపటి ముందు బ్యాండ్‌విడ్త్ కేటాయించి, అది దాటగానే విడిచిపెట్టడం కంట్రోలర్‌కు చక్కగా కుదిరే పని. బెంగళూరు వైపు ఫైబర్ తెగితే హైదరాబాదు వైపుకు మళ్లించడమూ సాధ్యమే, అయితే రెండు వేర్వేరు సంస్థల లైన్లు ఉన్నప్పుడే. ఒక్క డిష్షు, ఒక్క లైను ఉన్న చోట ఈ హంగు అనవసరమని నా అభిప్రాయం. ఆ డబ్బుతో డిష్షు పక్కన పాస్ మొత్తాన్ని దాచుకునే డిస్కు కొనడం మేలు, ఎందుకంటే దారిలో పోయిన నమూనాల కోసం ఉపగ్రహాన్ని వెనక్కి పిలవలేము.

అద్దెకూ ఇబ్బందులున్నాయి. మైక్రోసాఫ్ట్ తన అజూర్ ఆర్బిటల్ గ్రౌండ్ స్టేషన్ సేవను 2024 చివర్లో మూసివేసింది. 2022 జనవరిలో స్వాల్‌బార్డ్‌కు వెళ్లే రెండు సముద్రగర్భ కేబుళ్లలో ఒకటి దెబ్బతింది. పక్క రైతు బోరు నీళ్లను గంటల లెక్కన కొని వేరుశనగ పండించే వారికి ఈ పరాధీనత కొత్తగా చెప్పనక్కర్లేదు.

అందుచేత నా మొగ్గు కలగలుపు వైపే. యూహెచ్ఎఫ్ యాంటెన్నా అనంతపురంలోనే ఉండాలి, ఆదేశాలు దాని నుంచే వెళ్లాలి. అందుకు ప్రైవేటు అంతరిక్ష కార్యక్రమాలకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ ఇన్-స్పేస్ అనుమతి, స్పెక్ట్రమ్ లైసెన్సు ముందుగానే చూసుకోవాలి. చిత్రాలను అద్దె యాంటెన్నాల ద్వారా దించి క్లౌడ్‌లోనే శుద్ధి చేయవచ్చు. ఆదేశాలకు వాడే రహస్య కీలను మాత్రం క్లౌడ్‌లో ఉంచకుండా కళాశాల సర్వర్‌లోనే దాచాలి. అద్దె కేంద్రం ద్వారా ఆదేశం పంపక తప్పని అత్యవసర వేళల్లో కూడా దాన్ని ఇక్కడే ఎన్‌క్రిప్ట్ చేసి పంపవచ్చు.