బన్నేరుఘట్టలో తీసిన ఎలుగుబంటి ఫోటో

బెంగళూరు పక్కనున్న బన్నేరుఘట్ట జంతువుల పార్కుకు మంగళవారం మాత్రం వెళ్ళకండి, ఆ రోజు సెలవు. శని, ఆదివారాలు కూడా వీలైతే వదిలేయండి. మేము దసరా సెలవుల్లో ఒక బుధవారం వెళ్ళాం, నేనూ మా అమ్మాయీ. కొత్త లెన్స్ కొని నెల కూడా కాలేదు. దానితో పులిని తీయాలని నా ఆశ.

బెంగళూరు మెజెస్టిక్ బస్టాండు నుంచి 365 నంబరు బస్సు పార్కు దాకా వెళ్తుంది. పాతిక కిలోమీటర్ల లోపే అయినా ఆ రోడ్డు ట్రాఫిక్‌తో పొద్దున్నే చేరడం కష్టం. అందుకని ముందు రోజు రాత్రే దారిలో ఒక లాడ్జిలో దిగాం. గది శుభ్రంగా ఉంది కానీ వేడినీళ్ళు రాలేదు. రెండుసార్లు అడిగితే ఒక బకెట్ తెచ్చిచ్చారు. మళ్ళీ వెళ్తే ఇంకాస్త ఎక్కువైనా సరే, కర్ణాటక ప్రభుత్వ జంగిల్ లాడ్జెస్ వాళ్ళ నేచర్ క్యాంపు అక్కడే ఉంది కదా, అందులో దిగుతాను.

సఫారీకి ఏ బండి ఎక్కాలన్నది ఫోటోలు తీసేవాళ్ళు ముందే ఆలోచించుకోవాలి. మామూలు బస్సు కిటికీలకు ఇనుప జాలీ ఉంటుంది. ఏసీ బస్సుకు అద్దాలు. జీపు కూడా ఉంది, ఖరీదు ఎక్కువ. అద్దాల బస్సులో జనం చొక్కాలన్నీ అద్దంలో మెరుస్తాయి, లెన్స్ చుట్టూ నల్లగుడ్డ కప్పుకోవాల్సిందే. మేము జాలీ బస్సు ఎక్కాం. లెన్స్‌ను జాలీకి ఆనించినంత దగ్గరగా పెట్టి, అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే కంత) పూర్తిగా తెరిచి, జంతువు కొంచెం దూరంగా ఉన్నప్పుడు తీస్తే తీగలు ఫోటోలో కనబడకుండా పోతాయి. జాలీ మీద నేరుగా ఎండ పడితే మాత్రం ఏం చేసినా తెల్లటి మసక వస్తుంది, కాబట్టి నీడ వైపు సీటు పట్టుకోండి. ఇంజను ఆడుతుంటే బస్సంతా వణుకుతుంది, షట్టర్ స్పీడు 1/500 కంటే తగ్గించకండి. లెన్స్ గానీ వేలు గానీ జాలీ దాటి బయటికి పెట్టకండి.

జింకలు, కణుజులు, అడవిదున్నలు దాటాక ఏనుగులు కనిపించాయి. డ్రైవరుది చిత్తూరు వైపు, మా తెలుగు విని సంతోషపడ్డాడు. వీటిని అడవిలోకి మేతకు వదులుతారని, అడవి మగ ఏనుగులు వచ్చి వీటితో కలుస్తాయని చెప్పాడు. అడవికీ జూకీ మధ్య గీత అక్కడ అంత గట్టిగా లేదన్నమాట. ఆ మాట నాకు చాలా నచ్చింది.

రెండు గేట్లు దాటి సింహాల దగ్గరికి వెళ్ళాం. ఒక మగ సింహం దారి పక్కనే పడుకుని ఉంది. దాని వెనక కంచె స్తంభం ఒకటి ఫ్రేములోకి వస్తోంది. నేను వంగి, పక్కకు జరిగి, స్తంభం రాకుండా తీశాను. చూస్తే సింహాలు స్వేచ్ఛగా తిరిగే గుజరాత్ గిర్ అడవిలో తీసినట్టే ఉంది. పులి విషయంలోనూ అంతే చేశాను. అది రాత్రి ఉండే గది తలుపు పక్కనే కూర్చుంది. తిండి అటునుంచే వస్తుందని దానికి తెలుసు. తలుపు కనబడకుండా ముఖం మాత్రం తీసుకున్నాను.

సింహాలూ పులులతో సర్కస్ ఆటలు ఆడించకూడదని 1998లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. సుప్రీంకోర్టు 2001లో దాన్ని సమర్థించింది. అలా సర్కసుల నుంచి విడిపించిన వాటికోసం బన్నేరుఘట్టలో, మన తిరుపతిలో, విశాఖలో కూడా కేంద్రాలు పెట్టారు. సర్కసుల్లో ఆఫ్రికా సింహాలకూ మన సింహాలకూ సంకరం చేసి పెంచినవే ఎక్కువ. వాటిని ఏ అడవిలోనూ వదలలేరు. పిల్లలు పుట్టకుండా చూసుకుంటూ, బతికినన్నాళ్ళు సాకుతారు.

తర్వాత ఎలుగుబంట్లు. వీధుల్లో ఆడించిన ఎలుగుల్ని తెచ్చి ఉంచిన చోటు ఇది. దేశంలో చివరి ఆటల ఎలుగు అని అప్పట్లో చెప్పిన రాజు కూడా 2009 డిసెంబరులో ఇక్కడికే వచ్చింది. బస్సుకు కాస్త దూరంలో ఒకటి పుట్ట తవ్వుకుంటోంది. నాలుగైదు ఫోటోలు తీశాను. బస్సులో ఎవరో "డాన్స్ చెయ్యి, డాన్స్ చెయ్యి" అని అరిచారు. డ్రైవరు బస్సు ఆపి, వెనక్కి తిరిగి, అరవొద్దని గట్టిగానే చెప్పాడు. ఆ డ్రైవరు మీద నాకు గౌరవం కలిగింది.

రాత్రి ఇంటికొచ్చి కంప్యూటర్లో ఫోటో పెద్దది చేసి చూశాను. ముక్కు మీద, కళ్ళకు కాస్త కింద, వెంట్రుకలు లేని మచ్చ. అక్కడ కాల్చిన ఊచతో పొడిచి, ఆ కంతలోంచి తాడు దూర్చి లాగేవాళ్ళు. అది ఇంకా పిల్లగా ఉన్నప్పుడే. పళ్ళు కూడా పీకేసేవాళ్ళు.

మాది అనంతపురం జిల్లా. చిన్నప్పుడు మా ఊరికి ఎలుగును ఆడించేవాళ్ళు వచ్చేవారు. భయం పోతుందని మా అవ్వ నన్ను దాని వీపు మీద కూర్చోబెట్టింది. రూపాయిచ్చి రెండు వెంట్రుకలు పీకించి, తాయెత్తులో పెట్టించి నా మొలతాడుకు కట్టింది. దిష్టి తగలదని. ఊళ్ళో పిల్లలందరికీ కట్టించారు. ఆ తాడు ముక్కులోంచి వస్తోందని అప్పుడు నేను చూశాను. చూశానని ఇప్పుడు గుర్తొచ్చింది.

ఈ ఎలుగుకు కంచె లేకపోతే బతుకు లేదు. పళ్ళు లేవు, అడవి తెలీదు. జనం చూడ్డానికని పిల్లల్ని పుట్టించి బోనులో పెంచేవాటి సంగతి వేరు. అలాంటి బోనులు కూడా చూశాను, గోడ పొడుగునా అదే దారిలో అటూ ఇటూ తిరిగే చిరుతను చూశాను. ఏ జంతువు ఎందుకు లోపల ఉందో ఫోటో చూసేవాళ్ళకు తెలియాలి. స్తంభం తప్పించిన నా సింహం ఫోటోలో అదేమీ తెలీదు. ఆ ఫోటో తీసేశాను. కంచె కనబడేది ఇంకొకటి ఉంది, కొంచెం వంకరగా వచ్చింది, దాన్నే పెట్టి కింద "బన్నేరుఘట్ట పార్కు" అని రాశాను.

ఎలుగు ఫోటో అమ్మకు ఫోన్లో పంపాను. మచ్చ ఎక్కడుందో చెప్పాను. కాసేపటికి ఫోన్ చేసి, నీ తాయెత్తు ఇంకా ట్రంకు పెట్టెలోనే ఉందిరా అంది.