అడ్వాన్సు కట్టకముందే పరుపెత్తి చూడండి: తిరుపతి లాడ్జీల్లో దిగేవాళ్లకు హెచ్చరిక

టీటీడీ వసతి గృహాలైన విష్ణు నివాసంలోనో శ్రీనివాసంలోనో గది దొరకనివాళ్లు రైల్వే స్టేషన్, బస్టాండు చుట్టుపక్కల ప్రైవేటు లాడ్జీలకే వెళ్లాలి. తెల్లవారుజామున రైలు దిగి, పిల్లలు నిద్రకు తూలుతుంటే, గది చూడకుండానే డబ్బు కట్టేస్తారు. నల్లులకు చిక్కేది అక్కడే. లాడ్జీల పేర్లు రాసినా లాభం లేదు. ఒక కుటుంబం ఖాళీ చేసిన కాసేపటికే ఇంకో కుటుంబం దిగే ఊరిది. ఈ వారం బాగున్న గదిలోకి వచ్చే వారం ఎవరి సంచిలోనో నల్లి వచ్చి చేరుతుంది. ఏసీ గదైనా అంతే.

తెల్లటి దుప్పటి చూసి మోసపోకండి. దుప్పటి ఉతికినంత తేలిగ్గా పరుపు ఉతకలేరు. సంచులు మంచం మీద పడేయకుండా బాత్రూమ్‌లో పొడిగా ఉన్న టైల్స్ మీద పెట్టండి. ఫోన్ లైటు వేసి, తలవైపు మూలల్లో దుప్పటి లాగి, పరుపు అంచు కుట్టును వేలితో విప్పుతూ చూడండి. ఎదిగిన నల్లి 5 నుంచి 7 మిల్లీమీటర్లు, ఇటుక రంగులో బల్లపరుపుగా ఉంటుంది. గుడ్డు తెల్లగా, 1 మిల్లీమీటరే. నల్లి కనబడకపోయినా సిరా చుక్కల్లాంటి నల్లమచ్చలుంటే తడి టిష్యూతో రుద్దండి. ఎర్రటి గోధుమ రంగు దిగితే అది నల్లి రెట్టే అనుకోండి.

పరుపు చూసి ఆగిపోవద్దు. మంచానికి తలవైపున్న చెక్కను గోడకు బిగించి ఉంటే చాలామంది దాన్ని వదిలేస్తారు. దాని వెనకే నల్లులు దాక్కుంటాయి. పాత కార్డు ఒకటి ఆ సందులో దూర్చి గీకండి. లేత గోధుమ రంగు పొట్టు రాలిందంటే అక్కడ నల్లి పిల్లలు పెరుగుతున్నట్టే, ఎందుకంటే నల్లి పెద్దదయ్యేలోపు ఐదుసార్లు చర్మం విడుస్తుంది. పరుపు కింది ప్లైవుడ్ కీళ్లు, కర్టెన్ మడతలు, గోడమీది పటం వెనక భాగం కూడా చూడండి. మొత్తం ఐదు నిమిషాల పని.

ఒక్కటి కనబడినా ఆ గది వద్దనండి. రూమ్ బాయ్ స్ప్రే డబ్బాతో వచ్చి ‘పది నిమిషాల్లో పోతాయి సార్’ అంటే ఒప్పుకోకండి. ఈ డబ్బాల్లో సాధారణంగా ఉండే మందుకు చాలాచోట్ల నల్లులు అలవాటుపడిపోయాయి, గుడ్లు దానికి చావవు. మిగిలినవి గోడ సందుల్లోంచి, వైరు గొట్టాల్లోంచి పక్క గదికి పోతాయి. అందుకే మారే గది పక్కదీ, సరిగ్గా పైదీ, కిందదీ కాకూడదు. వేరే అంతస్తు అడిగి, అక్కడా మళ్లీ చూడండి. తలుపు తీయగానే మందు వాసన గుప్పుమంటే మరీ జాగ్రత్త.

కుట్టిన గుర్తులు కొందరికి గంటల్లో తేలతాయి, కొందరికి రోజులు పడుతుంది. దద్దుర్లు ఇల్లు చేరాక వస్తే లాడ్జివాళ్లు ఒప్పుకోరు. కాబట్టి ఫోటోలు అప్పుడే తీయండి, దొరికిన నల్లిని పారదర్శక టేపుకు అంటించి ఉంచండి. నల్లుల వల్ల మనుషులకు జబ్బు సోకినట్టు రుజువు లేదు, భయపడకండి. గోక్కుంటే మాత్రం పుండు పడుతుంది. చల్లటి తడిగుడ్డ, కాలమైన్ లోషన్ చాలు.

అసలు నష్టం ఇంటికి తెచ్చుకోవడం. సంచిని పాలిథిన్ కవర్లో మూతిబిగించి తీసుకొచ్చి, ఇంటి బయటే విప్పండి. నూలు బట్టలు 60 డిగ్రీల నీళ్లలో ఉతకాలి, లేదా డ్రయ్యర్లో గట్టి వేడిమీద అరగంట తిప్పాలి. పట్టుచీరలకు ఆ వేడి పనికిరాదు. వాటిని రెండు కవర్లలో కట్టి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్లో నాలుగు రోజులుంచండి. సూట్‌కేస్ కుట్లు, జిప్పుల వెంబడి స్టీమ్ ఇస్త్రీపెట్టె నెమ్మదిగా నడపండి. మిద్దెమీద ఎండలో పెడితే సరిపోదు, నల్లి నీడవైపు మడతలోకి దూరుతుంది. లడ్డూ సంచి గురించి అడిగేవాళ్లున్నారు: దానికి చీమలు పడతాయి గానీ, నల్లికి తీపితో పనిలేదు.

ఇంకొక మాట, ఇది గట్టిగా చెప్పాలి. బియ్యం, గోధుమల్లో పురుగు పట్టకుండా పెట్టే సెల్ఫాస్ లాంటి బిళ్లలు నల్లులకోసం గదిలో పెట్టకండి. వాటినుంచి వచ్చే ఫాస్ఫీన్ వాయువుకు నిద్రలోనే మనుషులు చనిపోయారు. కిరోసిన్ చల్లితే మంచమే అంటుకుంటుంది.

లాడ్జివాళ్లు గదీ మార్చక, డబ్బూ ఇవ్వకపోతే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో సేవాలోపం కింద రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల లోపు బిల్లుకు ఫీజు లేదు. అందుకు గది నంబరు, తేదీ ఉన్న రసీదు కావాలి. రసీదు ఇవ్వనంటే అక్కడ దిగనే దిగవద్దు.