రెమింగ్టన్ 700 మీద కట్టిన కస్టమ్ రైఫిల్: కొలతలకు కట్టిందా, విడిభాగాలు బిగించిందా?

రెడీమేడ్ చొక్కా కొని గుండీలు మార్పించి, చేతులు కాస్త కురచ చేయించుకున్నంత మాత్రాన అది కుట్టించుకున్న చొక్కా అయిపోదు. అమెరికా తుపాకీ దుకాణాల్లో కస్టమ్ పేరుతో అమ్ముడుపోయే రైఫిళ్లలో చాలావాటి సంగతి ఇదే. ఫ్యాక్టరీ రైఫిల్‌కి పేరున్న ట్రిగ్గర్, కార్బన్ ఫైబర్ స్టాక్, మూతికి తన్ను తగ్గించే బ్రేక్ తగిలించి, పైన ఎడారి రంగు పూత పూసి ధర పెంచేస్తారు. కొన్నవారి కొలత అందులో ఒక్కటీ ఉండదు. ఇక్కడ పరిశీలిస్తున్నది అక్కడ ఎక్కువమంది కట్టించుకునే రకం: రెమింగ్టన్ 700 రిసీవర్ (బ్యారెల్, బోల్ట్ కూర్చునే ఉక్కు శరీరం) మీద గన్‌స్మిత్ చేత .308 వించెస్టర్ తూటాకో 6.5 క్రీడ్‌మూర్ తూటాకో కట్టించే బోల్ట్ యాక్షన్ రైఫిల్, అంటే బోల్ట్‌ను చేత్తో వెనక్కీ ముందుకీ జరిపి తూటా ఎక్కించేది.

700 మార్కెట్‌లోకి వచ్చింది 1962లో. దాని రిసీవర్ గుండ్రటి కడ్డీ నుంచి తీసింది కాబట్టి లేత్ మీద పట్టించి మళ్లీ పని చేయడం సులువు. దానికి సరిపడే స్టాకులు, ట్రిగ్గర్లు, మౌంట్లు మరే రైఫిల్‌కీ లేనన్ని దొరుకుతాయి. లోపాలూ తెలిసినవే. రిసీవర్ ముందు అంచు బ్యారెల్ నడిమి గీతకు సరిగ్గా లంబంగా ఉండకపోవచ్చు. బోల్ట్‌ను రిసీవర్‌లో బంధించే రెండు లగ్గుల్లో (పొడుచుకొచ్చిన పళ్లలో) ఒకటే గట్టిగా ఆనుకుని, రెండోది తేలికగా తగులుతుండవచ్చు. పేల్చినప్పుడు బోల్ట్ ఆ ఒక్క పక్కకే వంగుతుంది. వెనక్కి తన్నే బలాన్ని స్టాక్‌కి అందించే రీకాయిల్ లగ్ రిసీవర్‌లో భాగం కాదు, బ్యారెల్‌కీ రిసీవర్‌కీ మధ్య వాషర్‌లా ఇరికించిన పలక. ఫ్యాక్టరీ పలక రెండు ముఖాలూ సమాంతరంగా లేకపోతే బ్యారెల్ ఎంత మంచిదైనా వంకరగా కూర్చుంటుంది.

అందుకే గన్‌స్మిత్ మొదటి పని యాక్షన్‌ను, అంటే రిసీవర్, బోల్ట్ జతను, సరిచేయడం. రిసీవర్ ముఖం, లోపలి మరలు, లగ్గులు ఆనే గద్దెలు, బోల్ట్ ముఖం అన్నింటినీ ఒకే నడిమి గీతకు తెస్తారు. ఫ్యాక్టరీ రీకాయిల్ లగ్ తీసేసి, రెండు పక్కలా గ్రైండ్ చేసిన పావు అంగుళం మందం లగ్ వేస్తారు. కొనేవారు ఎక్కువగా గమనించని లోపం ఇక్కడే పుడుతుంది. లగ్గు గద్దెల నుంచి లోహం తీసిన కొద్దీ బోల్ట్ వెనక్కి జరుగుతుంది. దాంతో బోల్ట్ హ్యాండిల్‌కీ, రిసీవర్ వెనక ఉన్న వాలుకీ మధ్య ఖాళీ పెరుగుతుంది. హ్యాండిల్ ఎత్తగానే పేలిన తూటా ఖాళీ కేసును చాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గది) నుంచి మొదట కదిలించే బలం ఆ వాలు నుంచే వస్తుంది. ఖాళీ పెరిగితే ఆ బలం పోయి కేసు చాంబర్‌లో అతుక్కుంటుంది, బోల్ట్‌ను అరచేత్తో కొట్టి తెరవాల్సి వస్తుంది. 700 హ్యాండిల్ బోల్ట్‌కి బ్రేజింగ్‌తో అతికించింది కాబట్టి, ఊడదీసి ముందుకు జరిపి మళ్లీ అతికించవచ్చు. యాక్షన్ సరిచేయడానికి డబ్బు తీసుకుని ఈ పని వదిలేసే వర్క్‌షాప్ సగం పనే చేసినట్టు.

ఇంట్లో 700 ముందే ఉంటే ఈ ఖర్చు సబబే. పాతది కొని విప్పించాలనుకుంటే మాత్రం వద్దంటాం. పాత రైఫిల్ ధర, సరిచేసే కూలి, కొత్త లగ్, ఖాళీ కేసును బయటికి లాగే కొత్త ఎక్స్‌ట్రాక్టర్, హ్యాండిల్ పని కలిపితే డిఫయన్స్, స్టిల్లర్, బ్యాట్ మెషీన్ వంటివారు మొదటి నుంచే సూటిగా తయారుచేసే యాక్షన్ ధరకు దగ్గరపడుతుంది. పాతది తీసుకోక తప్పకపోతే ట్రిగ్గర్ ఏదో చూడండి. ఎక్స్‌మార్క్ ప్రో ట్రిగ్గర్ ఉన్న 700లను 2014 ఏప్రిల్‌లో కంపెనీయే వెనక్కి పిలిచింది. ఎలాగూ ట్రిగ్గర్ మారుస్తారు కాబట్టి ఇది అడ్డు కాదు, కానీ మార్చేదాకా అందులో తూటా పెట్టవద్దు.

ఈ కొత్త యాక్షన్లు ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టు ఉండటంతో చాంబర్ తీసి సిద్ధంగా ఉంచిన ప్రీఫిట్ బ్యారెళ్ల వ్యాపారం పెరిగింది. వైస్‌లో పట్టించి, రెంచ్‌తో బిగించి, గేజ్‌తో సరిచూస్తే చాలు. శావేజ్ 110కి బ్యారెల్ నట్ ఉండటం వల్ల అక్కడ ఈ సౌకర్యం ముందు నుంచీ ఉంది. ఇవి మంచి రైఫిళ్లే, గురి బాగా నిలుస్తుంది. కానీ ఆ చాంబర్ ఎవరి కోసమో ప్రత్యేకంగా తీసింది కాదు, అందరి కోసం తీసింది. దీన్ని కస్టమ్ అని అమ్మితే ఆ మాటకు డబ్బు ఇవ్వకండి, బిగించిన కూలి ఇవ్వండి.

అసలు పనితనం బ్యారెల్ దగ్గర కనిపిస్తుంది. క్రీగర్, బార్ట్‌లీన్, బ్రక్స్ వారివి గుండును తిప్పే ఒక్కో గాడినీ కొద్దికొద్దిగా కోసి తీసేవి. షిలెన్, లిల్జా వారివి గట్టి బటన్‌ను గొట్టంలోంచి లాగి గాళ్లు దింపేవి. రెండు పద్ధతుల్లోనూ గొప్ప బ్యారెళ్లు ఉన్నాయి, కాబట్టి పద్ధతి గురించి వాదించే బదులు మెలిక (గాడి ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతుందన్నది) గురించి అడగండి. మెలిక గుండు పొడవును బట్టి ఉండాలి. 6.5 క్రీడ్‌మూర్‌లో 140 గ్రెయిన్ల బరువున్న పొడవాటి గుండుకి 8 అంగుళాలకు ఒక చుట్టు సరిపోతుంది. .308లో 150, 168 గ్రెయిన్లకు 12 చాలు, 175 దాటితే 10 తీసుకోవడం మంచిది. మీరు ఏ గుండు వాడతారో అడగకుండా బ్యారెల్ ఆర్డర్ రాసుకునేవారికి మీ రైఫిల్ గురించి ఆలోచన లేనట్టే.

చాంబర్ తీసేముందు బ్యారెల్ బయటి గుండ్రాన్ని కాదు, లోపలి రంధ్రాన్ని డయల్ గేజ్‌తో సూటికి తేవాలి. బ్యారెల్ పైన ఎంత నున్నగా ఉన్నా లోపలి రంధ్రం సన్నగా వంపు తిరిగి ఉంటుంది. బయటి పక్కను పట్టి చాంబర్ తీస్తే తూటా రంధ్రానికి పక్కగా కూర్చుంటుంది, గుండు గాళ్లలోకి ఏటవాలుగా దూరుతుంది. మంచి పనివాళ్లు అంగుళంలో పదివేలవ వంతుల్లో మాట్లాడతారు. మూతి దగ్గరి క్రౌన్ కూడా అదే సూటికి కోయాలి. గుండును చివరిసారి తాకే అంచు అదే, అక్కడ చిన్న గంటు పడినా వాయువు ఒక పక్కనుంచి ముందుగా తప్పించుకుంటుంది.

చాంబర్‌ను తీర్చే పరికరం రీమర్. దాని కొలతల బొమ్మను తప్పకుండా అడిగి తీసుకోండి. కస్టమ్ అన్న మాటకు అంతకు మించిన రుజువు లేదు. తూటా కేసు మెడ కూర్చునే చోటి వెడల్పు, గుండు గాళ్లను తాకేముందు ఉండే ఖాళీ దూరం అందులో ఉంటాయి. ఆ దూరాన్ని మీ గుండుకి తగ్గట్టు పెట్టించుకోవడమే ఇంత ఖర్చుకి దొరికే అసలు లాభం. పొరపాటు కూడా ఇక్కడే జరుగుతుంది. పొడవాటి గుండు కోసం ఆ దూరాన్ని పెంచుతారు, మ్యాగజైన్ పెట్టె మాత్రం పాతదే ఉంటుంది. .308 ప్రామాణిక పొడవు 2.800 అంగుళాలు. షార్ట్ యాక్షన్ ఫ్యాక్టరీ పెట్టెలో అంతకన్నా పెద్దగా ఎక్కువ పట్టదు. చాంబర్‌కి నప్పే తూటా పెట్టెలో పట్టదు, పెట్టెలో పట్టేది చాంబర్‌లో గాళ్లకు అందనంత దూరంలో కూర్చుంటుంది. కాబట్టి ముందు పెట్టె నిర్ణయించి, తర్వాత తూటా పొడవు, ఆ తర్వాతే రీమర్. మెడ బాగా బిగుతుగా తీయించుకోవడం బల్ల మీద ఆనించి పేల్చే బెంచ్‌రెస్ట్ పోటీలవారికి సరే. వేట రైఫిల్‌కి అది ముప్పు. దుకాణంలో కొన్న తూటా మెడ విచ్చుకోవడానికి చోటు లేక ఒత్తిడి అమాంతం పెరుగుతుంది.

హెడ్‌స్పేస్ (బోల్ట్ ముఖం నుంచి చాంబర్‌లో తూటా భుజం ఆనే చోటు దాకా దూరం) సరిచూడటం కొన్నవారి హక్కు. .308కి గో గేజ్ 1.630 అంగుళాలు, నో గో 1.634. స్ప్రింగు తీసిన బోల్ట్ మొదటిదాని మీద మూసుకోవాలి, రెండోదాని మీద మూసుకోకూడదు. రైఫిల్ ఇచ్చేటప్పుడు ఈ పరీక్ష ఎదురుగా చేసి చూపించమంటే మంచి గన్‌స్మిత్ సంతోషంగా చూపిస్తాడు.

బ్రిటన్‌లో అమ్మే తుపాకీ ఏదైనా ప్రూఫ్ పరీక్ష దాటాలి. లండన్, బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్‌లలో మామూలుకన్నా ఎక్కువ ఒత్తిడి ఉన్న తూటా పేల్చి, నిలిచినదానికే ముద్ర వేస్తారు. అమెరికాలో ప్రభుత్వం తరఫున అలాంటి తప్పనిసరి పరీక్ష లేదు. మీ బ్యారెల్‌కి ప్రూఫ్ తూటా పేల్చారా లేదా అన్నది వర్క్‌షాప్ నిజాయితీ మీదే ఆధారపడుతుంది. బిల్లులో రాయించుకోండి.

ఇక బెడ్డింగ్, అంటే యాక్షన్‌ని స్టాక్‌లో కూర్చోబెట్టడం. యాక్షన్‌ను స్టాక్‌కి బిగించే గార్డు స్క్రూలు దిగే చోట అల్యూమినియం స్తంభాలు వేసి, చుట్టూ మెరైన్‌టెక్స్, డెవ్‌కాన్ వంటి ఎపాక్సీ పోసి, రిసీవర్ అచ్చు దింపుతారు. రీకాయిల్ లగ్ వెనక ముఖం మాత్రమే ఎపాక్సీని ఆనుకోవాలి. ముందు, పక్కలు, అడుగున టేపు అంటించి పోస్తే అక్కడ సన్నటి ఖాళీ మిగులుతుంది. టేపు మరిచిపోతే విప్పి బిగించిన ప్రతిసారీ గురి మారుతుంది. పరీక్ష సులువే. స్టాక్‌కి డయల్ గేజ్ కట్టి, ముల్లు బ్యారెల్ మీద ఆనించి, ముందు స్క్రూ వదులు చేయండి. ముల్లు అంగుళంలో రెండు వెయ్యో వంతులు దాటి కదిలితే యాక్షన్ స్టాక్‌లో వంగి కూర్చుందన్నమాట. బ్యారెల్ కింద ఖాళీ పొడవునా ఉండాలి, చిన్న కాగితం ముక్క రిసీవర్ దాకా తగలకుండా జారాలి. స్తంభాలున్న స్టాక్‌కి స్క్రూల బిగువు 65 అంగుళం పౌండ్లు. ఒట్టి చెక్కని అంత బిగిస్తే నలుగుతుంది.

మనిషి కొలత కనిపించాల్సింది స్టాక్‌లో. అమెరికా ఫ్యాక్టరీ స్టాక్‌లో ట్రిగ్గర్ నుంచి వెనక ప్యాడ్ దాకా సుమారు 13.5 అంగుళాలు ఉంటుంది. ఐదడుగుల నాలుగంగుళాల మనిషికి చాలాసార్లు అది పొడవే. తల వెనక్కి పోతుంది, స్కోప్‌లో నల్లటి వలయం కనిపిస్తుంది, ప్యాడ్ భుజం గుంటలో కాక చేయి మీదకి జారి దెబ్బ అక్కడ తగులుతుంది. మరీ కురచైతే బొటనవేలు ముక్కుకి, స్కోప్ కనుబొమ్మకి తగులుతాయి. మోచేతి మడతలో ప్యాడ్ పెట్టి, వేలు ట్రిగ్గర్‌కి అందిందా అని చూసే పద్ధతి దుకాణాల్లో ఇంకా ఉంది. అది ముంజేతి కొలత, మెడ పొడవు దానికి తెలియదు. వేటకి వేసుకునే మందపాటి కోటు వేసుకుని, పేల్చే భంగిమలోనే నిలబడి లేదా పడుకుని కొలిపించుకోవాలి. చెంప ఆనే ఎత్తు స్కోప్ బిగించాకే తేలుతుంది. 50 మిల్లీమీటర్ల స్కోప్ పైకి కూర్చుంటే చెంప ఆనాల్సిన చోట గడ్డం ఆనుతుంది, ప్రతి గుండుకీ కన్ను చోటు మారుతుంది. ఇంట్లో ఇద్దరు వాడేట్టయితే పొడవూ ఎత్తూ జరుపుకునే స్టాక్ తీసుకోవడమే తెలివి.

వాల్‌నట్ చెక్క ఎంచుకుంటే పిడికిలి పట్టే సన్నటి చోట చార తిన్నగా సాగాలి. అందమైన చుట్టలు వెనక భాగంలో ఉంటే చూడముచ్చటగా ఉంటుంది, మెడ దగ్గర ఉంటే దెబ్బకి అక్కడే పగులుతుంది. చెక్క తేమ పీల్చి ఉబ్బి బ్యారెల్‌ని నెడుతుంది కూడా. వానల్లో తిరిగే రైఫిల్‌కి మాక్‌మిలన్, మ్యానర్స్ వంటివారి ఫైబర్‌గ్లాస్ స్టాకే మా ఎంపిక.

వేటగాడు జిమ్ కార్బెట్‌కి 1907లో చంపావత్ పులిని చంపినందుకు బహుమతిగా వచ్చిన .275 రిగ్బీ రైఫిల్ స్టాక్ మీద వెండి పలక ఉంది, దాని మీద ఆయన పేరు చెక్కి ఉంది. పేరు బహుమతి సంగతి చెబుతుంది, భుజం కొలత చెప్పదు. ఇప్పటి దుకాణాలు బోల్ట్ మీద పేరు లేజర్‌తో చెక్కి కస్టమ్ అంటున్నప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి. దానికి డబ్బు వృథా. సెరకోట్ పూత తుప్పుకి మంచిదే, కానీ లగ్గుల మీద, బోల్ట్ నడిచే దారిలో పూస్తే పదివేలవ వంతుల్లో చేసిన పనంతా పూత కింద పోతుంది. ట్రిగ్గర్ గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. వేటకి రెండున్నర, మూడు పౌండ్ల మధ్య పెట్టించుకుని, ఖాళీ రైఫిల్ బోల్ట్‌ని గట్టిగా మూసి ఫైరింగ్ పిన్ దానంతట అది జారకుండా ఉందో చూసుకోండి.

గుండ్లన్నీ ఎంత దగ్గరగా పడతాయో కొలిచే ఎంఓఏ లెక్కలో, అర ఎంఓఏ గ్యారంటీ అని రాసిస్తారు. ఒక ఎంఓఏ అంటే 100 గజాల దగ్గర 1.047 అంగుళాలు. ఎన్ని గుండ్లు, ఎన్ని గ్రూపులు, ఏ తూటా అని అడగండి. మూడు గుండ్ల ఒక్క గ్రూపు అదృష్టం కొద్దీ కూడా వస్తుంది. ఐదేసి గుండ్ల గ్రూపులు నాలుగు పేల్చి చూపిస్తే నమ్మవచ్చు.

అమెరికాలో ఉన్న తెలుగువారికి ఒక మాట. చట్టం దృష్టిలో తుపాకీ అంటే నంబరున్న రిసీవరే, దుకాణం నుంచో వేరే రాష్ట్రం నుంచో కొంటే అది లైసెన్సున్న డీలర్ ద్వారానే చేతికి రావాలి. హెచ్1బీ వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీ ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. అమల్లో ఉన్న వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. అడ్వాన్సు కట్టకముందే ఇది తేల్చుకోండి.

పని చేతికొచ్చేటప్పుడు రీమర్ బొమ్మ, హెడ్‌స్పేస్ కొలత, బ్యారెల్ తయారీదారు, మెలిక, స్క్రూల బిగువు, మీ స్టాక్ కొలతలు ఒక కాగితం మీద రాయించుకోండి. 6.5 క్రీడ్‌మూర్ బ్యారెల్‌లో రెండు, మూడు వేల తూటాలకు గొంతు దగ్గరి గాళ్లు అరిగిపోతాయి. అప్పటికి ఆ గన్‌స్మిత్ దుకాణం మూసేసినా, ఆ కాగితం చూసి మరొకరు అదే చాంబర్ తీసి కొత్త బ్యారెల్ వేయగలరు.