పెంటగన్ అంచనా, సీబీఓ అంచనా: ఏది నమ్మాలి?

అమెరికా రక్షణ ఖర్చు ముందు ముందు ఎంతవుతుందో తేల్చే లెక్కలు రెండున్నాయి. అమెరికా రక్షణ శాఖ అయిన పెంటగన్ వేసే ఐదేళ్ల ప్రణాళిక ఒకటి. అమెరికా చట్టసభ కాంగ్రెస్‌కు చెందిన బడ్జెట్ కార్యాలయం (సీబీఓ) దాన్నే తీసుకుని మరో పదేళ్లు పొడిగించి వేసే లెక్క రెండోది.

పెంటగన్ లెక్కలో వివరాలు ఎక్కువ. ఏ ఏడాది ఎన్ని విమానాలు కొంటారో కూడా ఉంటుంది. కానీ ధరలు అదుపులో ఉంటాయన్న ఆశే అందులో ఎక్కువ. సీబీఓ మాత్రం ఆయుధాలు, జీతభత్యాలు, నిర్వహణ ఖర్చులు ఇదివరకు ఎలా పెరిగాయో చూసి లెక్క కడుతుంది. అందుకే దాని అంకె సాధారణంగా పెద్దగా ఉంటుంది.

సెంటినెల్ అణు క్షిపణి సంగతే చూడండి. 2020లో పెంటగన్ అంచనా సుమారు 7,800 కోట్ల డాలర్లు. 2024 జూలైకి 14,090 కోట్లయింది, అంటే 81 శాతం ఎక్కువ! పెరిగినదాంట్లో ఎక్కువ భాగం క్షిపణిది కాదు, భూగర్భ ప్రయోగ కేంద్రాలు, వాటి కమాండ్ వ్యవస్థలది.

ఐదేళ్ల కిటికీలోంచి చూస్తే ఇలాంటి బిల్లు సగం కూడా కనిపించదు. ఈ ఏడాది కేటాయింపుల వరకైతే పెంటగన్ పట్టిక చాలు. కొత్త ఆయుధానికి సరే అనేముందు మాత్రం నేను సీబీఓ లెక్కనే నమ్ముతాను.